వాయి

సంతపేట మార్కెట్, చేపల వీధి మలుపు.
మా అమ్మ ప్లేటు పట్టుకోని నిలబడింది
కొనుక్కున్నట్టు కాదు,
పట్టుబడినట్టు.

పంతొమ్మిదేళ్లు కందుకూరు బస్టాండులో
పులిబొంగరాలు పోసిన మనిషి.
ఇంకొకరి గుంట పెనం మీదది
నోట్లో పెట్టడం ఇదే మొదలు.

"పిండి రాత్రిదే," అంది నమిలి.
"మిరపకాయ బానే తరిగింది.
ఎర్రకారానికి ఇంకో ఉల్లిపాయ పడాల."
పొయ్యిలో మంట చూసింది,
పక్కన బకెట్లో నీళ్లు చూసింది,
నన్ను మాత్రం చూడలేదు.

ఎనిమిదో తరగతి.
స్నేహితురాళ్లతో బస్సు దిగి
ఆ బండి ఎవరిదో తెలీనట్టు నడిచిపోయేదాన్ని.
ఆమె కూడా, పాపం,
నేనెవరో తెలీనట్టు
పుల్లతో బొంగరాలు తిప్పుకుంటా ఉండేది.

బండి ఆమె రమీజా.
చంకలో బిడ్డ ఒకటే ఏడుపు.
"మాడిపోతన్నాయ్, ఇటియ్యిమే ఆ పుల్ల!"
ప్లేటు నా చేతిలో పెట్టి
వాయి మొత్తం తిప్పేసింది అమ్మ,
ఏడు గుంటలు, ఏడు మెలికలు,
చీర చెంగు నడుముకు ఎప్పుడు చెక్కిందో.

అంచు ఎర్రగా కాలినదొకటి
నా ప్లేటులో వేసి
"తిను" అంది.

బజారు నిండా జనం.
అక్కడే నిలబడి తిన్నాను,
నాలిక కాలతా ఉన్నా.