బొట్టు అద్దం

లెన్సేం కొనక్కర్లేదు.
ఫోను బోర్లించి, కెమెరా కంటి మీద
అగ్గిపుల్లతో ఒక్క నీటి బొట్టు ఉంచాలి.
పెద్దదైతే కారిపోతుంది, చిన్నదైతే వట్టి తడి.
ఊపిరి బిగబట్టి చటుక్కున తిప్పితే
పడదు, వేలాడుతుంది.
తలతన్యత అని పాఠం చెప్పేది నేనే గాని
ఈ కిటుకు నాకు నేర్పింది
కవిటి హైస్కూల్లో తొమ్మిదో తరగతి ఢిల్లేసు.
వాళ్ళమ్మ ఫోనుకి అద్దం మూడు చోట్ల పగిలింది.
బొట్టు నిలబెట్టడంలో మాత్రం
వాడి ముందు నేను పనికిరాను.

వారం రోజులు పిచ్చిపట్టినట్టు తిరిగాను.
ఉప్పురవ్వ ఒక గాజు పెట్టె, మూల విరిగింది.
గండుచీమ మీసాలు నోట్లో పెట్టుకుని తుడుచుకుంటోంది.
జీడిపువ్వు రేకుల మీద గులాబీ గీతలుంటాయట.
ఉంటాయట ఏమిటి, ఉన్నాయి.
నలభై రెండేళ్ళు ఆ తోటల్లోంచే నడిచాను,
చెప్పులకు జిగురంటుకుందని తిట్టుకుంటూ.

శుక్రవారం సాయంత్రం కూర్మారావు చిన్నాన్న
సోంపేటలో డయాలసిస్ చేయించుకుని వచ్చి
అరుగు మీద కూలబడ్డాడు.
పక్కన ఆయన గ్లాసు, దాని మీద పిన్ని గీసిన మార్కరు గీత.
రోజుకి అన్నిసార్లే, ఆ గీత దాకే.
"ఏటమ్మీ, ఫోను మీద నీళ్ళోసీసినావు?"
చెప్పాను.
"యే నీళ్ళు?"
బోరువి. ఇప్పుడు మొక్కలకు తప్ప ఎవరం వాడం.
కాసేపు ఊరుకున్నాడు.
"మరైతే అందులో ఏటున్నాదో కూడా అవుపిస్తాదేటి?"

సీసాల్లో పట్టుకెళ్ళారు, చీటీలంటించి,
నాకు గుర్తున్నంతలో ఆరేడుసార్లు.
కటకం గుండా చూస్తాం గాని కటకాన్ని చూడం,
బోర్డు మీద రాసే ఆ వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది.
మింగేశాను.

"నా సెయ్యి తియ్యి" అన్నాడు.
ఎడమ చెయ్యి. మోచేతి కింద నరం
మోకులా ఉబ్బిన చోట
పాత సూది గుర్తులు, చీమలబారు ఆగిపోయినట్టు.
దగ్గరగా, ఇంకా దగ్గరగా,
ఫోను అంచు ఆయన చేతికే ఆనించాను.

ఎంతకీ ఫోకస్ కుదరదు.
నా వేళ్ళు వణకట్లేదు, చూసుకున్నాను.
నరంలో జుయ్యిమని పారే నెత్తురు
చర్మం కింద నుంచి ఫోనులోకెక్కి
బొట్టును వణికిస్తోంది.

పదకొండు ఫోటోలు.
చర్మం లేదు, సూది గుర్తు లేదు,
అలలలలుగా ఏదో గోధుమరంగు, మధ్యలో వెలుతురు.
పది చెరిపేశాను.

పన్నెండోదానికి బొట్టు జారి
టప్పున ఆయన మణికట్టు మీద పడింది.
తుడవబోతే చెయ్యి లాక్కున్నాడు.
"ఉండనీయే.
ఇది మీ పిన్ని లెక్కలోకి రాదులే."