మెట్ల లెక్క

నిజాంపేట దాటాక, గుట్టని తొలిచి కట్టిన ఆఫీసు మాది.
నాలుగో అంతస్తులో నా కుర్చీ,
సముద్రానికి ఐదొందల మీటర్ల పైన.
కిటికీలోంచి కనిపించేవి
నీళ్ళ ట్యాంకరు, దాని వెనక బిందెల వరస,
ఏ బుల్డోజరూ కదపలేక వదిలేసిన గుండ్రాయి.

టీ తెచ్చే జహంగీర్ మొదటి రోజే అడిగాడు:
"ఈడ సముద్రం యాడుంది మేడం?"
తెర మీద వేలు పెట్టి చూపించాను.
నీలం గీత లేచి, పడి, మళ్ళీ లేచింది.
"గిదేనా? మా అమ్మీ గుండె పరీక్ష కాయితం లెక్కనే ఉంది."

చంద్రుడెక్కడ, గాలి ఎటు,
నీరు ఎంత వేడెక్కి ఎంత ఉబ్బింది,
అన్నీ కలిపితే ఒక అంకె.
అమావాస్య పోటు, తెల్లారుజామున నాలుగూ పది,
గట్టు మీదికి జానెడు.
ఆ అంకె ఫోనులో పోతుంది
ఉప్పుటేటి మొగ దగ్గరి పేటకి, ఓలేటి పోలేరమ్మకి.
వలలు తీయండర్రా, బియ్యం డబ్బాలు ఎత్తండర్రా అని
మిగతా ఇళ్ళకి ఆమె గొంతే సైరను.

ఆ అమావాస్యకి జానెడన్నాను.
ఆమె పొయ్యి ఆరిపోయింది.
పొయ్యి ఉన్నది మూరెడెత్తున.

"నీ సముద్రం వేరు, మా సముద్రం వేరా అమ్మాయ్?"
గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

మూడు రాత్రులు లెక్క విప్పి చూశాను.
చంద్రుడు ఒప్పు. గాలి ఒప్పు.
ఉపగ్రహం చెప్పిన నీటిమట్టం వేలెడు కూడా తప్పలేదు.
నాలుగో రాత్రి తట్టింది,
రేవు గోడలో పొదిగిన ఇత్తడి బిళ్ళ.
పేటలో ఎత్తులన్నీ దాని నుంచే కొలిచారు ఎప్పుడో,
అది కదలదని.
నువ్వింకా అక్కడే ఉన్నావా అని
తర్వాత దాన్నెవరూ అడగలేదు.

బండ మీద పుట్టినదాన్ని నేను.
మాకు నేలంటే బోరు బిట్టు విరగ్గొట్టేది.
నేల కూడా దిగుతుందని,
ఒండ్రు పైన ఆనకట్టల్లోనే ఆగిపోతే,
లోపలి నీళ్ళని రొయ్యల చెరువుల మోటార్లు తాగేస్తే
మంచంలో రోగిలా నెమ్మదిగా కుంగుతుందని
చదివాను. నమ్మలేదు.
మా కిందా ఖాళీయే. రాయి కాబట్టి బయటపడదు.

"పోలేరమ్మా, మీ గట్టుకి మెట్లెన్ని?"
"ఎప్పటి మెట్లు?
కాపరానికొచ్చినప్పుడు ఏడు. పెద్దోడు నడిచేనాటికి ఆరు.
ఇప్పుడు నాలుగు కనిపిస్తాయి.
మిగతావి ఎక్కడికీ పోలేదు,
కాలితో తడిమితే తగులుతాయి."
"మెట్టెంత ఎత్తు?"
"నా జానకి ఒక వేలు తక్కువ."
ఆమె జాన నాకు తెలీదు.
బల్ల మీద నా జాన పరిచి, వేలొకటి మడిచి చూశాను.

మెట్టు కొలత కాదన్నారు మా పెద్దసారు.
నిజమే.
అయినా పట్టికలో కొత్త గడి గీశాను.
పైన "భూమి" అని రాశాను.
ఇన్నేళ్ళూ ఆ గడి లేకుండానే తీరం గురించి మాట్లాడాం.

పున్నమికి చెప్పాను: పై నుంచి రెండో మెట్టు.
రాత్రి మూడున్నరకి ఆమే ఫోన్ చేసింది.
"గట్టు మీదే కూచున్నా. ఉండు."
ఉన్నాను.
ఫోనులో నీళ్ళు రాతిని నాకుతున్న చప్పుడు.
పదకొండేళ్ళుగా ఈ ఉద్యోగంలో
దాన్ని వినడం అదే మొదలు.
"రెండో మెట్టు. నువ్వు చెప్పినట్టే. రాసుకో."
రాసుకున్నాను.
పక్కన "ఒప్పు" అని పెట్టడానికి చెయ్యి రాలేదు.

"మరి ఆఖరి మెట్టుది కూడా ఉంటుందిగా నీ దగ్గర?"
"ఉంది," అన్నాను.

ఎప్పుడని ఆమె అడగలేదు.
కింద, గుండ్రాయి పక్కన,
తొలి ట్యాంకరు హారన్ కొట్టింది.
చీకట్లో బిందెలు కదిలాయి.