లెక్కలో లేని మనిషి

పున్నమి ఘాట్‌లో ఎక్కాం.
రెండంతస్తుల బోటే గానీ దాన్ని క్రూజు అనాలట;
టిక్కెట్టు మీద అలాగే ఉంది, ధర కూడా అలాగే ఉంది.

గళ్ళ చొక్కా కుర్రాడు కాగితం చాపాడు.
"అమరావతిలో నాలుగు గంటలు ఆగుద్దండి.
గైడుతోనా, సొంతంగానా?"
గైడుతో అంటే ఏసీ బస్సు, పసుపు టోపీ, మెడలో నంబరు,
స్తూపం, మ్యూజియం, గుడి, పులిహోర పొట్లం.
సొంతంగా అంటే...
దాని ఎదురుగా ఏమీ రాసి లేదు.

ఆ ఖాళీయే నాకు నచ్చింది.

ఇరవయ్యారేళ్ళు గుడివాడ రూట్లో కండక్టర్ని.
తలలు లెక్కపెట్టీ పెట్టీ
పెళ్ళికెళ్ళినా ముందు పంక్తిలో ఎంతమందో చూస్తాను.
ఈ ఒక్క పూటా ఎవర్నీ లెక్కపెట్టను,
నన్నెవరూ లెక్కపెట్టొద్దు.

డిపోలో క్యాష్ కౌంటర్ మస్తాన్‌బీ మాత్రం
అప్పుడే టోపీ పెట్టేసుకుంది. పదిహేడో నంబరు.
"నీకు నీడెక్కడో తెలీదు, బాత్‌రూమెక్కడో తెలీదు.
తెలిసినోడి వెనక నడిస్తే నామోషీనా?"
"వెనక నడిస్తే వాడి వీపే కనపడుద్ది" అన్నాను.
"మంచిదేగా, ఆ వీపే నీడ" అంది.
మా ఇద్దరిలో ఎప్పుడూ ఆఖరి మాట దానిదే.

రేవు దాటాక వాళ్ళ జెండా ఎడమకి తిరిగింది.
నేను కుడికి తిరిగాను, అటేముందో తెలిసి కాదు.
మేకలు, పంచర్ షాపు, మూసేసిన జిరాక్సు కొట్టు.
దారి అడిగితే ఒకాయన "ఎక్కడికెళ్ళే దారి?" అన్నాడు.
సమాధానం లేక సోడా తాగాను.

తర్వాత ఘాటు. ముక్కు పట్టుకుని లాక్కెళ్ళింది.
కళ్ళం నిండా మిరపకాయలు,
పట్టా మీద ఏడుగురు ఆడోళ్ళు తాలుకాయ ఏరుతున్నారు.
చూస్తా నిలబడ్డాను.
పని దగ్గర ఊరికే నిలబడ్డ మనిషి ఎవరికైనా బరువే.
"కూచో అక్కా, చేతులు ఖాళీగానే ఉన్నాయిగా"
అంది వీరనాగమ్మ అనే ఆవిడ.
కూర్చున్నాను.
ఎర్రది ఇటు, తెల్లబడింది అటు.
ఎవరి మరదలో ఎవరితోనో మూడేళ్ళుగా మాట్లాడట్లేదు,
ఎందుకో సగం విన్నాను.
మిగతా సగం వచ్చేలోపు బోటు కూత పెట్టింది.

పరుగు. అరవై దాటిన పరుగు.

రేవులో గైడు వేలు చూపిస్తా లెక్కపెడుతున్నాడు:
ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై. సరిపోయింది.
సొంతంగా వెళ్ళినవాళ్ళు ఆ లెక్కలో ఉండరు.
నాకా రూలు తెలుసు.
కంకిపాడులో టీకని దిగినాయన సంచి సీట్లో ఉండగానే
"రైట్ రైట్" అన్న గొంతు నాది.
సంచి కంట్రోలర్‌కి అప్పజెప్పాను.
మనిషిని మళ్ళీ చూళ్ళేదు.

చెక్క తియ్యబోతుంటే
దాని మీద ఒక కాలేసి నిలబడి ఉంది మస్తాన్‌బీ.
మోకాలినొప్పి ఉన్న కాలే. టోపీ చేతిలో నలుగుతోంది.
"ఇంకో మనిషి రావాలి."
"మీ గ్రూపు నలభయ్యేనమ్మా."
"నా గ్రూపు నలభై ఒకటి."

బోటు కదిలాక, నాకు ఆయాసం తీరాక చెప్పింది:
ఆ పాతరాళ్ళ మీద బుద్ధుణ్ణి చెక్కలేదంట కొన్నిటి మీద.
ఖాళీ ఆసనం, రెండు పాదాలు.
అక్కడున్నాడనుకోవాలంట.
"గైడు చెప్పకపోతే ఎవరో లేచెళ్ళిన కుర్చీ అనుకునేదాన్ని.
నువ్వేం చూశావ్?"

చెబుదామని కంట్లో పడ్డ వెంట్రుక తీసుకోబోయాను.
మిరపచెయ్యి.

బ్యారేజీ దీపాలు కనపడేదాకా ఏడ్చాను.
గైడు కంగారుపడి సీసాడు నీళ్ళు ఇచ్చాడు,
లెక్కలో లేకపోయినా.
మస్తాన్‌బీ ఎవర్నడిగిందో మజ్జిగ ప్యాకెట్టు తెచ్చి
నా వేళ్ళు ఒక్కొక్కటీ ముంచింది.
ఏడుస్తానే కళ్ళం గురించి చెప్పాను, ఏడుగురి గురించీ చెప్పాను.

"ఈసారి గైడుతో వస్తావా?"
"నువ్వు సొంతంగా వస్తావా?"

ఘాటు దగ్గరపడింది. తాళ్ళు విసురుతున్నారు.
చెప్పుల్లో కాళ్ళు దూరుస్తా అడిగింది,
"ఇంతకీ ఆ మరదలు ఎందుకు మాట్లాడట్లేదంటావ్?"