పదిహేను రోజుల ట్రయల్

ఫర్వానియాలో మందుల షాపు పైన, రెండో అంతస్తు.
గాజు బల్ల మీద నల్లగుడ్డ పరిచి
కమ్మల కొట్లో లాగా
మూడు జతలు పెట్టింది లిన్సీ.
కొట్టాయం పిల్ల. నాకూ తనకూ మధ్య విరిగిన హిందీ.
"ఇది మాట కోసం. ఇదీ మాట కోసమే, కొంచెం తక్కువలో.
ఇది పాతది, దీన్నెవరూ అడగరు."

పంతొమ్మిదేళ్లు షువైఖ్‌లో
కంప్రెసర్ పక్కన నిలబడిన చెవులు నావి.
ఒక్కసారిగా పోలేదు.
ముందు కుక్కర్ ఈల పోయింది,
పప్పు రెండుసార్లు మాడింది.
ఫోన్లో రెడ్డెమ్మ మాటల్లోంచి 'స'లు రాలిపోయాయి.
ఆ తర్వాత హార్మోనియం పై స్థాయి మెట్లు,
వేలికి తగిలేవి, చెవికి తగిలేవి కావు.

శుక్రవారాలు పద్యాలకు వాయిస్తానని చెబితే
"పెట్టె తెచ్చుకో" అంది.
తెచ్చుకున్నాను.
ఆ రోజే లిఫ్టు చెడిపోవాలా!

మొదటి జత తొమ్మిది వందల దినార్లు.
షడ్జం పట్టుకున్నాను.
నాలుగు సెకన్లు నిండుగా ఉంది,
ఆపైన ఎవరో మెల్లగా తలుపు మూసినట్టు
సన్నబడి, సన్నబడి, లేదు.
వేలు మెట్టు మీదే ఉంది. తిత్తి ఊగుతూనే ఉంది.
"ఆగకుండా మోగేదంతా దానికి ఏసీ హోరే," అంది లిన్సీ.
"అది శ్రుతి, తల్లీ!"

రెండో జత నా పంచమాన్ని
తన కూతే అనుకుంది.
దాని గొంతు తనే నొక్కబోయి
స్వరమంతా గజగజ వణికించింది.

మూడోది లావు. రంగేమో
ఎవరి చర్మమో తెలియని చర్మం రంగు.
లిన్సీ కంప్యూటర్లో ఒక్కొక్కటే ఆపుకుంటూ వెళ్లింది.
"ఇప్పుడిది ఏమీ ఆలోచించదు," అంది.
"కానీ గుంపులో మాట కలిసిపోతుంది. ఫోర్‌మన్ అరుపు, ఫోర్క్‌లిఫ్టు బీప్...
చూసుకో అంకుల్."

చూసుకున్నాను.
తిత్తిలోంచి గాలి కారుతోంది, చెక్క టక్కుమంటోంది,
నా గోటి చప్పుడు కూడా నాకు కొత్త.
పై స్థాయికి ఎక్కాను. గాంధారం. మధ్యమం.
మళ్లీ మధ్యమం.
మళ్లీ.
జారిపోయి ఉంది. వెంట్రుకవాసి అనుకుందామంటే కాదు.
ఎన్నాళ్ల నుంచో!

ఆ శుక్రవారం అబ్బాసియా గదిలో
మంచాలు గోడకు నిలబెట్టి కూర్చున్నాం.
పెంచలయ్య యుద్ధరంగం పద్యం ఎత్తుకున్నాడు,
చివర రాగం తీస్తూ పైకి, ఇంకా పైకి వెళ్లి
సరిగ్గా ఆ మెట్టు దగ్గర
గొంతు కొంచెం వంచాడు.
తక్కువ ఎత్తు గడపలోకి తల వంచినట్టు.
నా వంకర రీడు మీద కూర్చున్నాడు, లేచాడు, వెళ్లిపోయాడు.
నలభై ఏళ్ల గొంతు.
డోలక్ మస్తాను చూపు చాపలోకి దింపుకున్నాడు.

గదిలో అందరికీ తెలుసు.

గురువారం రాత్రి పెట్టె విప్పాను.
బ్లేడు మొనతో ఇత్తడి నాలుక చివర
గీకి, ఊది, మోగించి, గీకి.
పక్క మంచం నేపాలీ కుర్రాడు దుప్పటి ముసుగేసి
ఏదో అన్నాడు. తిట్టే అయ్యుంటుంది,
నాకు మాట అందలేదు.

మరుసటి శుక్రవారం పెంచలయ్య
అలవాటు కొద్దీ అక్కడ తల వంచాడు.
గడప ఎత్తుగా ఉంది.
అపస్వరం అతనిదైంది, మొదటిసారి.
ఆగాడు. పెట్టెను చూశాడు,
నా చెవిని చూశాడు,
పెదవులు కదిలించి ఏదో అడిగాడు.
అప్పటికే మస్తాను నవ్వుతూ డోలక్ అందుకున్నాడు.

ఏమన్నాడో ఇప్పటికీ తెలియదు.
రెండు వేళ్లతో శ్రుతి నొక్కి పట్టుకున్నాను.
అతను నోరు తెరిచే దాకా
వదల్లేదు.