వగరు

సీజన్ అయిపోయింది.
ఆఖరి లారీ తోతాపురి దించేసి
దామలచెరువు దిక్కు ఖాళీగా ఊగుతూ పోయింది.
మూడు నెలలు, రోజుకు నలభై చెంచాల గుజ్జు.
నాలుక తోలుముక్కయింది.
పద్దెనిమిదేళ్లుగా ఇదే నా ఉద్యోగం:
నోట్లో పెట్టడం, ఉమ్మేయడం, అంకె రాయడం.

అట్లాంటి రోజున వచ్చింది అట్టపెట్టె.
మా డ్రమ్ములు కొనే పోర్చుగల్ ఆవిడ పంపింది,
పోయినేడు ల్యాబులో నా పక్కనే నిలబడి
నాతో సమంగా ఉమ్మిన మనిషి.
మూడు సీసాలు. నల్లగా, బరువుగా,
మీద కోటల బొమ్మలు, నోరు తిరగని పేర్లు.

మూతకు బిరడా.
దాన్ని పీకే పనిముట్టు గుడిపాల రోడ్డు మీద
ఏ అంగట్లో అడగను? అడిగితే ఊరుకుంటారా?
బాయిలరు మునిరత్నం వచ్చినాడు
స్క్రూ ఒకటి, కటింగ్ ప్లయరు ఒకటి పట్టుకొని.
పసిబిడ్డ కాలిలో ముల్లు తీసినట్టు తీసినాడు.
"నాకు మాత్రం పొయ్యొద్దు మేడం.
కాణిపాకంలో ప్రమాణం చేసుంటాను. నాలుగేండ్లు."

బీకరులో పోసుకున్నాను. ల్యాబులో ఇంకేముంటుంది?

మొదటిది ఫ్రాన్సుది.
తీపి కోసం పోయిన నాలుకకు
తాళం వేసిన ఇల్లు.
అలవాటుగా ఉమ్మబోయి, ఆగి, మింగినాను.
అప్పుడు వచ్చింది చిగుళ్ల మీదికి,
జామాకు, చింతపిక్క పొట్టు,
పుత్తూరులో గౌను నిండా నేరేళ్లు తిని
అద్దంలో నీలం నాలుక చూసుకున్న మధ్యాహ్నం.
వాళ్లు దీన్ని ఏమంటారో,
మనకు మాట ఉండనే ఉంది: వగరు.
ఉగాదినాడు మామిడిపిందె వెనక నక్కి వచ్చి
ఆరుగురిలో ఎవరికీ గుర్తుండకుండా పోయేది.
నా రిజిస్టరులో తీపికి గడి ఉంది, పులుపుకు ఉంది.
వగరుకు లేదు.
వగరు తగిలితే డ్రమ్ము పక్కన పెట్టమని రాస్తాను.
ఎన్ని డ్రమ్ములు పెట్టించానో.
ఇక్కడ దాని కోసమే సీసా కట్టి, ఏండ్లు దాచి,
సముద్రం దాటించినారు.

రెండోది ఇటలీది. కొంచెం కొట్లాట మనిషి.
టిఫిన్ బాక్సులో మిగిలిన సంగటి,
చెనక్కాయల ఊరుబిండితో తాగినాను.
కారానికి అది బెదరలేదు,
దానికి ఊరుబిండీ బెదరలేదు.
ఇద్దరూ నా నోట్లో కాసేపు
వరస కలుపుకున్నారు.

మూడోదాని మీద ఏడు చదవగలిగినాను: రెండువేల పదహారు.
ఆ ఏడు చివర మాకు వాన రాలేదు.
బోర్లు ఎండి, చెట్లకు ట్యాంకర్లు తోలినాం.
అక్కడ ఎవరో ఆ నెలల్లోనే
తీరుబడిగా ద్రాక్ష కోసుకున్నారు.
కిటికీకి ఎత్తి చూస్తే
ఎర్రచందనం చెక్క రాత్రంతా నానిన నీళ్లు.
తాగినాను. బాగుంది. అంతే.
బాగుంది అనే మాట దగ్గరే నాలుక నిలబడిపోయింది.

మునిరత్నం బిరడా తిప్పి తిప్పి చూస్తున్నాడు.
"వాసన ప్రమాణంలో లేదు కదా మేడం?"
నేను దేవుణ్ణా చెప్పడానికి.
కండ్లు మూసుకొని ముక్కు కింద పెట్టుకున్నాడు.
"గానుగ కాడ పెనంలో అడుగంటిన బెల్లం.
దాని కింద తడిసిన గోనెసంచి.
ఇంకా కిందికి పోతే..."
చాలాసేపు పోయినాడు.
"మా నాయన చుట్టల డబ్బా."

మళ్లీ గుక్క తీసుకున్నాను.
అన్నీ ఉన్నాయి, చెప్పిన వరసలోనే.
బెల్లం. గోనె. ఆఖరున, ఎప్పుడూ చూడని ఒక ముసలాయన
మూత తెరిచి మూసిన డబ్బా.

పొద్దు గుంకింది. సీసాలు సాంపిళ్ల ఫ్రిజ్జులో పెట్టి
తాళం వేసినాను.
మునిరత్నం బిరడాను చొక్కా జేబులో వేసుకొని
సైకిలెక్కినాడు.
ఇంట్లో పసిగడతారయ్యా అని పిలిచి చెప్పాలనుకున్నాను.
గేటు దాటినాడు.
నా నోరు ఇంకా ముడుచుకొనే ఉంది.