టీసీ

పలాస స్టేషన్లో
అరటికాయల గంప అడుగున దొరికాయి పదకొండు పిల్లలు,
ఈకలు రాని ముడతల ముసలి మొహాలతో.
ఎక్కించినవాడు దొరకలేదు.
కేసు రాసుకుని గంప మాకు పంపారు.

మందస దాటాక కొండ మొదట్లో మాదొక రేకుల కప్పు,
పరిశోధన కేంద్రం అని బోర్డు.
సవర జమ్మయ్య చోడంబలి పలచగా కాచి
వెదురు చెంచాతో రెండు గంటలకోసారి పోశాడు.
ఏడు బతికాయి.

మూడేళ్లు.
వానమాపకం తీగ కొరికేశాయి,
దోమతెర, సబ్బు, నా థీసిస్ మూడో అధ్యాయం అంచులు.
జీడిపళ్ల కాలంలో ముక్కులన్నీ జిగురు,
వరండా నిండా పసుపు పీచు.
ఒకటి, కుడికాలికి ఓ గోరు లేనిది,
వచ్చినవాళ్ల భుజమెక్కి జేబులు తనిఖీ చేసేది.
రైలు దిగిన చిలక కదా, టీసీ అన్నాం.
రేంజరు గారి జేబులో వక్కపొడి పొట్లం పట్టుకుంది.
జరిమానా కట్టినట్టు నవ్వాడాయన.

నా ఫారంలో ఒక గడి ఉంది:
అడవిదా, పెంపుడుదా.
పొద్దున్న ఆరింటికి, నా కంచం అంచున, పెంపుడుదే.
పదింటికి మహేంద్రగిరి వైపు
కేకలేస్తూ సన్నబడిపోయే ఆకుపచ్చ గీతకి
ఏం రాయను?
అందుకే పెన్సిల్‌తో రాసేదాన్ని.

ఈ మాఘంలో టీసీ మెడకు గులాబి పట్టీ దిగింది.
వారం రోజులు జాడ లేదు.
ఎనిమిదో పొద్దున జీడిచెట్టు మీద రెండు.
ఒకటి టీసీ. రెండోది ఎవరో,
మెడ బోసిగా, ఒళ్లంతా కళ్లే.

అలవాటుగా జేబు తెరిచి నిలబడ్డాను.
టీసీ ఒక కొమ్మ దిగింది.
ఇంకో కొమ్మ.
అప్పుడరిచింది ఆ రెండోది.
నాకు తెలుసు ఆ అరుపు,
నలభైసార్లు రికార్డు చేశాను,
గద్ద కనబడితే అరిచేది.
తలెత్తి చూశాను. ఆకాశంలో ఏమీ లేదు.
గద్దని నేనే.

టీసీ దాన్ని చూసింది, నన్ను చూసింది,
నా జేబు చూసింది,
లేచిపోయింది.

అంబలి గరిట కడుక్కుంటూ జమ్మయ్య అన్నాడు:
"బయవొచ్చీసినాది మేడమ్. ఇంక బతికీస్తాది."
మూడేళ్లు చేతులతో మేం చెరిపిందాన్ని
ఒక్క కూతతో తిరిగి రాసేసింది
ఊరూ పేరూ తెలియని పిట్ట.

రాత్రి ఫారం తీశాను.
ఈసారి పెన్నుతో రాద్దామని వెతికితే
పెన్ను ఉంది గానీ దానికి మూత లేదు, ములికీ లేదు.
వరండాలో మిగతా ఆరూ
ఏమీ ఎరగనట్టు
తలలు వెనక్కి తిప్పుకుని నిద్రపోతున్నాయి.