తాబేలు

మొదట పచ్చ గళ్ళు.
తర్వాత ఊదా చారలు, రంగు దిగిన చీటీగుడ్డలా.
ఆపైన నలుపు.
ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి,
ప్రాణం పోయిన సంగతి తమకింకా ఎవరూ చెప్పనట్టు.

"చచ్చింది" అన్నాడు వాఖో.
పదహారేళ్ళవాడి నోట్లో ఆ మాట ఎంత తేలికో.
బాతూమీలో ఎవడో బిట్‌కాయిన్లు తవ్వించి తవ్వించి
అలిసిపోయాక అమ్మిన గ్రాఫిక్స్ కార్డు.
రెండేళ్ళు ద్రాక్షకోతకు పోయి కొన్నాడు వీడు.

నాకు కంప్యూటర్లు తెలియవు.
కుటాయిసీ బట్టల ఫ్యాక్టరీలో నూట పన్నెండు కుట్టుమిషన్లు
నా చేతి కింద జబ్బుపడి లేస్తుంటాయి.
వాటి దగ్గర నేర్చింది ఒకటే:
ఒకసారికి ఒక్కటే మార్చు.
రెండు మార్చావా, బాగైనా ఎందుకు బాగైందో తెలీదు.
తెలియని బాగు వారం తిరగదు.

డ్రైవర్ పీకి కొత్తది వేశాం. గళ్ళు.
కేబుల్ మార్చాం. గళ్ళు.
లెక్కల తప్పులు తుడిచే రబ్బరుతోనే
దాని బంగారు పళ్ళు తోమాం.
పాత పేస్టు గోకితే గోడసున్నంలా రాలింది,
కొత్తది బఠాణీ గింజంత పెట్టాం.
ఆ రాత్రి నలభై నిమిషాలు ఆడింది.
వాఖో నా బుగ్గ మీద ముద్దుపెట్టాడు,
మూడేళ్ళ తర్వాత.
నలభై ఒకటో నిమిషం, గళ్ళు.

కరెంటు మీద అనుమానం.
అయిదంతస్తులూ ఒకేసారి హీటర్లు వేస్తే
సాయంత్రం మా బల్బు కళ్ళు నులుముకుంటుంది.
కార్డుని శాలువాలో చుట్టి
కింద ఒతారీ వాళ్ళింటికి దించాం
(మా లిఫ్టు నాణెం మింగందే కదలదు).
అక్కడ, వాళ్ళ పెట్టెలో,
సిగ్గులేకుండా తెల్లవార్లూ ఆడింది.
డాక్టరు ముందు దగ్గని పిల్ల!
ఇంటికి తెస్తే మళ్ళీ అదే ఏడుపు.

ఫ్యాక్టరీలో బాబిన్ చుడుతుంటే తట్టింది:
ఒతారీ పెట్టె టీవీ కింద పడుకుని ఉంటుంది.
మాది నిలబడి.

మూత తీసి, ఒక కన్ను మూసి,
సూది వంకర చూసే చూపు చూశాను.
ఒక చివర గట్టిగా బిగించి ఉంది,
రెండో చివర గాల్లో.
దారప్పోగంత వాలింది. అంతే.
తన బరువుకి తానే వేలాడి వేలాడి
లోపలెక్కడో ఒక అతుకు విడిచి ఉంటుంది.

రెక్కలకు తగలకుండా నడిమివేలు పెట్టి ఎత్తాను.
గళ్ళు పోయాయి.
తీశాను. వచ్చాయి.
పెట్టాను.
"అమ్మా తియ్యకు! తియ్యకు!
ఈ ఒక్క కోటా పట్టుకోనీ!"

మోకాళ్ళ మీద, ఇరవై నిమిషాలు,
ఎవరిదో తెలియని సైన్యాన్ని
ఒక్క వేలి మీద నిలబెట్టాను.
పొయ్యి మీద చిక్కుళ్ళు మాడాయి.

మరి వేలికి బదులు?
అగ్గిపెట్టె పొట్టి. సీసామూత జారింది.
మాడు వాసనకి వచ్చిన ఎదురింటి ఝుఝునా
వెనక్కి వెళ్ళి చదరంగం పెట్టె తెచ్చింది.
బంటు చాలలేదు. రాజు పట్టలేదు.
నల్ల శకటం కొలిచినట్టు దూరింది.
మా జార్జియన్‌లో దాని పేరు తాబేలు.
"బరువులు దీనికి కొత్తా" అంది ఝుఝునా.

నయమైందని అనను.
అతుకు విడిచే ఉంది, తాబేలు మోస్తోంది.
ఎన్నాళ్ళని వాఖో అడిగితే
ఇలాంటివాటికి మా రిజిస్టర్లో తేదీ రాయమని చెప్పాను.

ఆదివారం ఆటలో
ఆ నల్ల గడిలో ఇప్పుడు నా అంగుస్తానా నిలబడుతుంది,
ఒళ్ళంతా గుంటలతో, మూల నుంచి మూలకి నడుస్తూ.
మొన్న ఎత్తు ఆలోచిస్తూ ఆలోచిస్తూ
తెలీకుండానే వేలికి తొడుక్కున్నాను.

బల్ల కింద, కుర్చీ కింద, సోఫా సందుల్లో
ఝుఝునా పావుగంట వెతికింది.
నేనూ వెతికాను,
అదే చేత్తో.